ఎదురు హామీ పత్రం: కథకుల ప్రణాళిక

కథల పోటీకి పంపే ప్రతి కథకూ ఒక హామీ పత్రం జతచేయాలి. కథ సొంతమేననీ, అనువాదమో అనుసరణో కాదనీ, ఇంతకుముందు ఎక్కడా అచ్చు కాలేదనీ, వేరే పత్రిక పరిశీలనలో లేదనీ రాసి, కింద సంతకం పెట్టాలి. దానికి బదులుగా అవతలి వైపు నుంచి కాగితం ముక్క కూడా రాదు. ఈ ప్రణాళికకు మూలం అదే.

తక్షణ కారణం ఒక సంకలనం. ఒక పోటీలో బహుమతి ఇవ్వకుండా ‘సాధారణ ప్రచురణకు స్వీకరించిన’ కథలను నిర్వాహకులు రచయితలకు చెప్పకుండానే పుస్తకంగా వేశారు. అడిగినవారికి పోటీ ప్రకటన అడుగున ‘సర్వహక్కులూ మావే’ అన్న వాక్యం చూపించారు. పారితోషికం లేదు. రచయిత కాపీ లేదు, కావాలంటే సగం ధరకు కొనుక్కోమన్నారు. ఆవిష్కరణ సభలో స్పాన్సర్లకు శాలువాలు కప్పారు, కథలు రాసినవారిని వెనక వరసల్లో కూర్చోబెట్టారు. ఈ ప్రణాళికపై సంతకాలు చేసినవారంతా ఆ పుస్తకంలో కథలున్నవారే.

వీరి ప్రధానమైన కోరిక ఎదురు హామీ పత్రం. కథను స్వీకరించినప్పుడే పారితోషికం ఎంతో, ఎప్పటిలోగా ఇస్తారో, కథను ఏ రూపాల్లో, ఎంతకాలం వాడుకుంటారో రాసివ్వాలి. చట్టం చెప్పేదీ ఇదే. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కుల బదలాయింపు హక్కుదారు సంతకంతో రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది. గడువు రాయకపోతే ఐదేళ్లకే పరిమితం. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. రచయిత సంతకం పెట్టిన హామీ పత్రంలో హక్కులు ఇచ్చేసినట్టు ఒక్క మాటా లేదు. హక్కులు మావేనన్న ప్రకటన కింద రచయిత సంతకమే లేదు. మరి రచయిత బతికినంతకాలం, ఆపైన 60 ఏళ్లు ఉండే హక్కు ఏ కాగితం మీద చేతులు మారినట్టు?

పోటీలంటే వీరికి వైరం లేదు. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కు ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి వచ్చిన సంగతి తెలుగు కథకుల్లో ఎవరూ మరిచిపోలేదు. కథ కోసం బరువు మోసినవారినీ వీరు ఎరుగుదురు. చెల్లాచెదురైన పత్రికల్లోని కథలను ఏరి దాచేందుకు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. ఒక బడిపంతులు అంత బరువు నెత్తికెత్తుకోగా, పోటీలు పెట్టేవారికి ఒక్క కాగితం బరువైందా?

ఇకపై ఎదురు హామీ ఇవ్వని పోటీకి వీరు కథ పంపరు, న్యాయనిర్ణేతలుగా ఉండరు, ఆ సంకలనాలకు ముందుమాట రాయరు. కథ రాయడం పనిగా, కథకుడు పనివాడిగా గుర్తింపు పొందే రోజు వచ్చేదాకా ఇదే కట్టుబాటు.

అడగనిదే అచ్చు లేదు.
సంతకం లేనిదే హక్కు లేదు.
పారితోషికం దానం కాదు, కూలి.

ఎదురు హామీ పత్రం నమూనా ఒక పేజీలో సిద్ధమైంది. కథల పోటీ ప్రకటించే ప్రతి పత్రికకూ, సంస్థకూ సంతకందారులు దాన్ని పంపుతారు.