అద్దె కన్నా చిరునామా ముఖ్యం

జర్మనీ చదువు అనగానే మన ఇళ్లలో ముందుగా గుర్తొచ్చేది ఫీజు లేకపోవడం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఈ మాట వర్తిస్తుంది. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకోవడం, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 నుంచి అంతకు మించి వసూలు చేయడం మినహాయింపుల కింద లెక్క. ఫీజు లేనిచోట ఖర్చంతా బతకడానికే, అందులో పెద్ద వాటా అద్దెదే. అందుకే బిడ్డను పంపుతున్న తల్లిదండ్రులు గది గురించి మొదట అడిగేది ‘నెలకు ఎంత?’ అని. అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: ఆ చిరునామా మీద ఆన్‌మెల్డుంగ్ చేయిస్తారా? చేయించని గది ఎంత చవకైనా చివరికి ఖరీదైనదే అవుతుంది.

ఆన్‌మెల్డుంగ్ అంటే నివాస నమోదు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో స్థానిక కార్యాలయంలో పేరు రాయించుకోవాలి. 2015 నవంబరు 1న అమల్లోకి వచ్చిన సమాఖ్య చట్టం ప్రకారం దీనికి ఇల్లు ఇచ్చినవారి సంతకంతో ధ్రువపత్రం చూపాలి. అద్దె ఒప్పందం ఒక్కటే చూపితే సరిపోదు. ఓనరు పేరు, ఇంటి చిరునామా, దిగిన తేదీ, ఉండేవారి పేర్లు - అంతా కలిపి ఒక్క పేజీ. ఆ పేజీ మీదే మిగతావన్నీ నడుస్తాయి. పార్ట్‌టైమ్ ఉద్యోగంలో చేరితే అడిగే పన్ను గుర్తింపు సంఖ్య నమోదైన చిరునామాకే పోస్టులో వస్తుంది. చాలా బ్యాంకులు ఖాతా తెరవడానికి నమోదు పత్రం అడుగుతాయి. వీసా గడువు ముగిసేలోగా దరఖాస్తు చేసుకోవాల్సిన నివాస అనుమతి ఇచ్చేది కూడా మీరు నమోదైన ఊరి విదేశీయుల కార్యాలయమే. అక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి మనకున్నట్టు ఫ్లాట్ నంబర్లు ఉండవు. పోస్టుమ్యాన్ డబ్బా మీద అతికించిన ఇంటిపేరు చూసి ఉత్తరం వేస్తాడు. మీ పేరు అతికించడానికి ఒప్పుకోని ఇంట్లో ఉంటే బ్యాంకు కార్డు కూడా వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

మనవాళ్లకు తొలి గది ఎక్కువగా దొరికేది సీనియర్ల వాట్సాప్ గ్రూపుల్లోనే. ఆ ప్రకటనల్లో ‘ఆన్‌మెల్డుంగ్ లేదు’ అన్న షరతు ఎందుకుంటుందో తెలుసుకోవాలి. అసలు అద్దెదారు ఓనరుకు చెప్పకుండా ఒక మంచం బయటివారికి ఇస్తున్నప్పుడు ఆ పత్రం మీద సంతకం పెడితే గుట్టు బయటపడుతుంది. అనుమతి లేకుండా ఇలా మళ్లీ అద్దెకివ్వడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. ఓనరు ఒప్పందం రద్దు చేస్తే అసలు అద్దెదారుతోపాటు మంచం అద్దెకు తీసుకున్న కుర్రాడూ రోడ్డున పడతాడు. కొందరు దీనికి విరుగుడుగా ఉత్త చిరునామా అమ్ముతారు: ఉండేది ఒకచోట, నమోదు ఇంకొకచోట. అలా దొంగ చిరునామా ఇచ్చేవారికి చట్టం 50,000 యూరోల దాకా జరిమానా పెట్టింది. ఓనరు అనుమతితో మళ్లీ అద్దెకిస్తే మాత్రం తప్పేమీ లేదు. అప్పుడు ధ్రువపత్రాన్ని అసలు అద్దెదారే ఇవ్వొచ్చు. సీనియర్ ఇంట్లో దిగడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కాగితం లేకుండా దిగడమే ప్రమాదం.

డబ్బు విషయంలోనూ కాగితమే కాపాడుతుంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్లో, అంటే నెలకు కొంత చొప్పునే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపాలని 2024లో నిర్ణయించారు. అంత డబ్బు ఉన్నా చేతికి వచ్చేది నెలకు 992 మాత్రమే. ఓనరు మాత్రం మూడు నెలల మూల అద్దె దాకా అడ్వాన్సు అడగొచ్చు. మూల అద్దె 450 యూరోలున్న గదికి అడ్వాన్సు 1,350. దానిమీద వేడికి, నీటికి కట్టే ఖర్చులు, మొదటి నెల అద్దె. తొలి నెల 992తో ఇది తేలదు. చట్టం ఇక్కడ ఒక వెసులుబాటు ఇచ్చింది: అడ్వాన్సును మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టొచ్చు, ఓనరు దాన్ని తన సొంత డబ్బులో కలపకుండా విడిగా ఉంచాలి. నోటిమాట ఒప్పందమూ అక్కడ చెల్లుతుంది కానీ, నగదు ఇచ్చి రసీదు తీసుకోనివారు దాన్ని నిరూపించేదెలా? దిగేరోజు గోడల మీది గీతలు, మీటరు రీడింగులు రాసి ఇద్దరూ సంతకం చేసుకోకపోతే, వెళ్లేరోజు పాత గీతలకు కూడా మన అడ్వాన్సులోంచే కోత పడుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరం చిన్నదేమీ కాదు. శీతాకాల సెమిస్టరు అక్టోబరులో మొదలవుతుంది. సెప్టెంబరులో ఒక్కో గదికి పదుల మంది పోటీ. విద్యార్థి సేవా సంస్థల హాస్టళ్లు సుమారు పదిమందిలో ఒకరికే సరిపోతాయి. దొరికిందే భాగ్యమైనచోట షరతులు పెట్టగలమా, సీనియర్ల మంచం కూడా లేకపోతే పిల్లలు ఎక్కడ పడుకుంటారు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ వారం పది రోజులు తలదాచుకునే చోటు వేరు, ఆరునెలలు కాపురముండే ఇల్లు వేరు. మొదటిదానికి సీనియర్ సాయం తీసుకోండి. రెండోది కాగితంతోనే కుదుర్చుకోండి. నమోదు ఆలస్యమైతే కార్యాలయాలు చూసీచూడనట్టు పోతాయని ఇంకొందరంటారు. అపాయింట్‌మెంట్ దొరక్క ఆలస్యమైతే సర్దుకుపోవచ్చు. పత్రమే లేకపోతే అపాయింట్‌మెంట్ ఉన్నా పని జరగదు. నమోదుకు ఒప్పుకునే గది నెలకు వంద యూరోలు ఎక్కువైనా సరే, ఆ వందతో ఉద్యోగం, బ్యాంకు, నివాస అనుమతి మూడూ దారిలో పడతాయి.

కాబట్టి అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే హాస్టల్‌కు దరఖాస్తు పెట్టాలి. చాలా ఊళ్లలో వెయిటింగ్ లిస్టు నెలల తరబడి సాగుతుంది. ఓనరు విదేశంలో ఉన్నాడని, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తానని వచ్చే సందేశం మోసమేనని తీర్మానించుకోండి. గదిని మీరో, మీరు నమ్మే మనిషో చూడకుండా ఒక్క యూరో పంపకండి. బ్యాంకులో చూపే మొత్తం కాకుండా తొలి నెల అడ్వాన్సుకు విడిగా డబ్బు సర్దివ్వడం తల్లిదండ్రుల బాధ్యత. వీసా రాగానే తమ పని అయిపోయిందనుకునే కన్సల్టెన్సీలను కూడా ఈ లెక్క అడగాలి. చేరబోయే ఊళ్లో అద్దె ఎంత, నమోదుకు ఒప్పుకునే గది ఎలా దొరుకుతుందో చెప్పలేని కన్సల్టెన్సీకి ఫీజు కట్టకండి.