పేరు చూసి తలుపేశాను

పోయిన జుమ్మా రోజు మా ఇంట్లో ఒక టీషర్ట్ మీద గొడవయింది. మా పెద్దోడు ఇంటర్ సెకండియర్. నమాజుకి బయల్దేరుతూ నల్ల టీషర్ట్ వేసుకొచ్చాడు. ఛాతీ మీద ఇంగ్లీషులో గాడ్‌లెస్ అని ఉంది. అంటే, ఖుదా లేనివాళ్ళు.

"ఇది వేసుకుని మస్జిద్‌కి వస్తావా?" అన్నాను.

"బ్యాండ్ పేరు అబ్బా" అన్నాడు.

"ఎవడి పేరైతే ఏంటి, ముందు తీసెయ్" అని గట్టిగానే అరిచాను. వాడు లోపలికెళ్ళి తెల్ల కుర్తా వేసుకొచ్చాడు. మస్జిద్‌కి వెళ్ళేటప్పుడు గానీ తిరిగొచ్చేటప్పుడు గానీ ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రానికి వాళ్ళ అమ్మీ ఆ టీషర్ట్‌ని బియ్యం డబ్బా వెనకాల దాచేసింది. చుట్టాలెవరైనా చూస్తే ఏమనుకుంటారోనని ఆమె ఫికర్ ఆమెది.

ఇషా తర్వాత వాడే నా దగ్గరకొచ్చాడు. "ఏక్ బార్ సునో నా అబ్బా. సున్‌కే బోలో" అని హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టాడు.

వీడి కథ జపాన్‌లో మొదలైందట. టోక్యోలో డిఫైల్డ్ అని ఒక డెత్ మెటల్ బ్యాండుంది. 1992 నుంచీ వాళ్ళకి ఇదే పని. 2024లో హారర్ బియాండ్ హారర్ అని ఆల్బం తెచ్చారు. ఫోన్లో అది వింటుంటే, దాని తర్వాత ఇంకో బ్యాండ్ వచ్చింది. ఊరు చూస్తే హైదరాబాద్! సత్తెనపల్లిలో రైలెక్కితే నడికుడి, మిర్యాలగూడ, నల్గొండ దాటి మనం వెళ్ళే హైదరాబాదే. అదే ఈ గాడ్‌లెస్. 2016లో సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్, 2018లో స్వార్మ్ అని రెండు చిన్న రికార్డులు చేశారు. 2021లో స్టేట్స్ ఆఫ్ కేయాస్ అని పూర్తి ఆల్బం తెచ్చారు. ఆ రాత్రి వాడు నాకు వినిపించింది ఇదే.

నిజం చెప్తాను, మొదటి పది నిమిషాలు రైస్ మిల్లు పక్కన బోరు వేస్తున్నట్టుంది. పాడేవాడి గొంతు మనిషి గొంతులా లేదు. "ఇది పాటా?" అన్నాను. వాడు ఓపిగ్గా చెప్పాడు. అది ఊరికే అరవడం కాదట. స్వరతంత్రుల పైన ఉండే మడతల్ని కదిలించి తీసే గొంతట. తప్పుగా చేస్తే గొంతే పాడవుతుంది. నెలల తరబడి రియాజ్ చెయ్యాలట. రియాజ్ అనే మాట మా వాడి నోట వినగానే నేను కాస్త మెత్తబడ్డాను. డ్రమ్స్ వాయించేవాడు రెండు చేతులతో పాటు రెండు కాళ్ళూ వాడతాడు. అంత జోరులోనూ గిటార్లూ డ్రమ్సూ ఒక్కసారిగా ఆగుతాయి, మళ్ళీ ఒక్కసారిగా లేస్తాయి. నాకు మా చిన్నప్పటి మొహర్రం గుర్తొచ్చింది. పీర్ల చావిడి దగ్గర అగ్నిగుండం చుట్టూ డప్పులు మోగితే గుండె అదిరేది. మా అబ్బా దాన్నీ షోర్ అనేవారు. నేను ఆయన కళ్ళు కప్పి వెళ్ళేవాణ్ణి.

ఈ డెత్ మెటల్ 1980లలో అమెరికాలో పుట్టింది. ఫ్లోరిడా కుర్రాడు చక్ షుల్డినర్ తన బ్యాండ్‌కి డెత్ అనే పేరు పెట్టాడు. 1987లో మొదటి ఆల్బం తెచ్చాడు. మౌత్ గురించి పాడినవాడు, మెదడులో గడ్డతో 2001లో 34 ఏళ్ళకే పోయాడు. మన ఇళ్ళల్లో మౌత్ మాటెత్తితే "అల్లా రహమ్ కరే" అని మాట మార్చేస్తాం. దీన్ మాత్రం మౌత్‌ని యాద్ చేసుకుంటూ ఉండమంది. పదిహేడేళ్ళ పిల్లోడికి ఆ భయం ఉండదా? కరోనా ఏడాది మన మొహల్లాలో లేచిన జనాజాలు వాడు చూళ్ళేదా? వాడి ఫోన్‌కి రోజూ వచ్చే మారణకాండ వీడియోల సంగతేంటి? వీటన్నిటికీ మనం వాడికిచ్చింది ఒకే మాట, సబ్ర్. మంచి మాటే. కానీ సబ్ర్ చెయ్యమన్నప్పుడు, లోపల ఉన్న గుస్సాని ఎక్కడ పెట్టుకోవాలో కూడా చెప్పాలి కదా భాయీ.

ఆల్బం అయ్యాక వాయించినవాళ్ళ పేర్లు చూపించాడు. గిటార్, రవి నిడమర్తి. బేస్ గిటార్, అబ్బాస్ రజ్వీ. ఆ రెండో పేరు దగ్గర నా వేలు ఆగిపోయింది. గాడ్‌లెస్ అనే బ్యాండులో అబ్బాస్! ఆయన ఈమాన్ సంగతి నాకు తెలీదు, అడిగే హక్కూ నాకు లేదు. కానీ ఒక పేరు చూసి మొత్తం అర్థమైపోయిందనుకున్న నాకు, అదే చోట ఇంకో పేరు ఎదురొచ్చింది.

ఇరవై ఏళ్ళ కిందట ఉద్యోగం కోసం గుంటూరు వెళ్ళి అద్దె ఇల్లు వెతుక్కున్నాను. ఓనరు గదులు చూపించాడు, మునిసిపల్ నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పాడు, అడ్వాన్స్ కూడా మాట్లాడుకున్నాం. ఆఖర్న పేరడిగాడు. చెప్పాను. "అయ్యో, మా బావమరిది ఎవరికో మాటిచ్చాడంటండీ" అన్నాడు. నేనేం చదివానో, ఏం రాస్తానో అడగనే లేదు. మనలో ఇలాంటి తలుపు చూడనివాళ్ళు తక్కువ. ఆ జుమ్మా రోజు మా ఇంట్లో నేను వేసిందీ అలాంటి తలుపే.

మీరు అడగొచ్చు, "ఆ రెండూ ఒకటెలా అవుతాయి? నీ పేరు మీ అమ్మీ అబ్బా పెట్టింది. ఆ బ్యాండ్ పేరు వాళ్ళు కోరి పెట్టుకున్నది." నిజమే, ఆ ఫరక్ ఉంది. కోరి పెట్టుకున్న పేరుని సవాల్ చెయ్యొచ్చు. ఆ పేరు నాకిప్పటికీ నచ్చలేదు. కానీ సవాల్ చెయ్యాలంటే ముందు వినాలి. ఇక మ్యూజిక్ జాయెజా కాదా అనేది నేను తేల్చే మసలా కాదు. ఉలమాల్లోనే ఇఖ్తిలాఫ్ ఉంది. ఇమామ్ గజాలీ అంతటివారు ఇహ్యా ఉలూమిద్దీన్‌లో సమా గురించి ఒక భాగమే రాశారు. ఒక్క ముక్కలో కొట్టిపారేసే విషయమైతే ఆయన అంత రాసేవారు కాదు.

విచారించకుండా తీర్పు చెప్తే ఏమవుతుందో మన ఉమ్మత్ చూసింది. 1997లో కైరో పోలీసులు మెటల్ వినే పిల్లల్ని వందమంది దాకా పట్టుకెళ్ళారు. షైతాన్ పూజ చేస్తున్నారని ఇల్జామ్. కేసు నిలబడలేదు. 2003లో మొరాకోలోని కాసాబ్లాంకా కోర్టు 14 మందికి జైలుశిక్ష వేసింది. సాక్ష్యాల్లో నల్ల టీషర్టులు కూడా ఉన్నాయి! అప్పీల్లో వాళ్ళలో ఎక్కువమంది బయటపడ్డారు. కానీ పోయిన ఇజ్జత్ ఎవరిచ్చారు?

ఇంకో కథ చెప్తా, ఆపాలు ముఖ్యంగా వినండి. ఇండోనేషియాలో గారుత్ జిల్లాలోని ఒక పల్లెలో 2014లో ముగ్గురు బడిపిల్లలు మెటల్ బ్యాండ్ పెట్టారు. ముగ్గురూ హిజాబ్ అమ్మాయిలే. పేరు వాయిస్ ఆఫ్ బాచెప్రోత్. బాచెప్రోత్ అంటే వాళ్ళ భాషలో షోర్ అని. గిటార్ నేర్పింది వాళ్ళ స్కూల్ టీచరే. ఊళ్ళో తిట్టారు, ఇది దీన్ కాదన్నారు. వాళ్ళు హిజాబ్ తియ్యలేదు, గిటారూ దించలేదు. 2024లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ మేళాలో వాయించారు. ఇండోనేషియా నుంచి అక్కడికి వెళ్ళిన మొదటి బ్యాండ్ వాళ్ళదే. వాళ్ళ పాట ఒకదాని పేరే దుఆలా ఉంటుంది, ఖుదా, నన్ను వాయించనివ్వు అని. హైదరాబాద్ వాళ్ళ పేరులో ఖుదా లేడు, గారుత్ అమ్మాయిల పాట ఖుదాతోనే మొదలవుతుంది. రెండిటినీ దూరం నుంచి వింటే ఒకే షోర్. దగ్గరకెళ్తే గానీ తేడా తెలీదు.

పిల్లలందరికీ గిటార్లు కొనిపెట్టమని నేననడం లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పిల్లోడు రాత్రంతా మేలుకుంటే, ఫజర్ పోగొట్టుకుంటే, చదువు పాడుచేసుకుంటే అడగాల్సిందే. నేనూ అడుగుతాను. నాకు భయమేసింది ఆ పాటలకి కాదు. జుమ్మా రోజు దారి పొడుగునా వాడు మాట్లాడకుండా నడిచాడే, దానికి. వాడే ఇషా తర్వాత నా దగ్గరకి రాకపోయుంటే మాత్రం నేను వెళ్ళేవాణ్ణో లేదో.

ఇప్పుడు మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం ఉంది. ఆ టీషర్ట్ మస్జిద్‌కి రాదు. అది ఖుదా ఇల్లు, ఆ అదబ్ ఉండాలి. బదులుగా, వినకుండా నేను దేన్నీ షైతాన్ పాట అనకూడదు. నెలకొక ఆల్బం వాడు నాకు వినిపించాలి, నెలకొక ఖవ్వాలీ నేను వాడికి. మొదటి నెల నేను నుస్రత్ ఫతే అలీ ఖాన్‌ని పెట్టాను. ఇరవై నిమిషాలు కదలకుండా విన్నాడు. అయ్యాక, "అబ్బా, ఇతనూ అరుస్తున్నాడు కదా" అన్నాడు.

ఏం చెప్పాలో తోచలేదు. వాళ్ళ అమ్మీ వంటింట్లోంచి నవ్వింది. టీషర్ట్ ఇప్పుడు బియ్యం డబ్బా వెనకాల లేదు, బయట దండెం మీద ఆరుతోంది.