తరగతిలో తెర

మన విద్యాలయములలో ల్యాప్‌టాపు ప్రవేశించినది. దానిని వెలివేయవలెనని కొందరును, అందరి చేతికిని ఈయవలెనని కొందరును వాదించుచున్నారు. మూడవ పక్షమొకటి కలదు. విద్యార్థి స్వభావమెట్టిదో, అతడు నేర్చు తీరెట్టిదో కనుగొని, తదనుగుణముగ యంత్రమును వాడనీయవలెనని వారి మతము. వినుటకిది ఇంపుగానే యున్నది. ఇందలి నిజమెంతయో విచారింతము.

కొందరు కంటితోను, కొందరు చెవితోను, కొందరు చేతితోను నేర్తురను వాదము బహుకాలముగా ప్రచారములో నున్నది. 2008లో పాష్లర్ మొదలగు నలువురు మనస్తత్వశాస్త్రజ్ఞులు దీనికి గల ఆధారములను పరీక్షించి, ఈ విభాగముల ననుసరించి బోధించినచో చదువు మెరుగగుననుటకు చాలినంత సాక్ష్యము లేదని తేల్చిరి. కావున "ఇతడు కంటి విద్యార్థి, ఇతనికి తెర కావలెను" అని ముద్రవేయుట శాస్త్రము కాదు, జాతకము.

స్వభావము మాట వేరు. ఏకాగ్రచిత్తునకు యంత్రము లేఖిని. చపలచిత్తునకు అదియే సంత. కాని స్వభావబలమునైనను ఎంతవరకు నమ్మవచ్చును? అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయమున జరిగిన పరిశోధన 2017లో వెలువడినది. క్రమశిక్షణకు పేరువడిన ఆ విద్యార్థులలో సైతము, తరగతియందు యంత్రములు వాడనిచ్చినవారికి అర్థశాస్త్ర పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవి. 2013 నాటి కెనడా పరిశోధనలో, తాము యంత్రమును ముట్టకున్నను, ఇతరుడు తెరపై సాగించు ఇతర వ్యాపకములు కంటబడిన విద్యార్థులకు పాఠము తక్కువగా పట్టుబడినది. "నా నిగ్రహము నాకున్నది" అనువాడు తన వెనుక కూర్చున్నవానికేమి బదులు చెప్పును?

అట్లని కలమునకు మంత్రశక్తి నంటగట్టము. చేతివ్రాతయే మేలని 2014లో వెలువడిన పరిశోధన ప్రసిద్ధికెక్కినది. 2019లో ఇతరులు దానిని మరల చేసి చూడగా అంతటి భేదము స్థిరముగ కానరాలేదు. అంధ విద్యార్థికైతే అక్షరములను చదివి వినిపించు యంత్రమే కన్ను. అట్టివారికి తగిన సదుపాయములు కల్పింపవలెనని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము విధించుచున్నది. నిషేధము వారిని తాకరాదు.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచినది. పంచుట తోడనే పని ముగియదు. పెరూ దేశపు పల్లె బడులలో పిల్లలకు ల్యాప్‌టాపు లిచ్చినను, గణితమునందుగాని భాషయందుగాని ఫలితములు మెరుగుపడినట్లు 2012లో ప్రకటితమైన పరిశీలనలో కానరాలేదు.

మా యభిప్రాయమిది. ఉపన్యాసవేళ తెర మూయబడవలెను. గణనమునకో, రచనకో, అన్వేషణకో పనిబడినపుడు గురువు అనుజ్ఞపై తెరువబడవలెను. అవసరము గలవారికి ఎన్నడును అడ్డుండరాదు. విద్యార్థి స్వభావమును ప్రశ్నావళులకంటె, దినదినము అతనిని చూచు గురువే మేలుగ నెరుగును. ఆ గురువునకు కిక్కిరిసిన తరగతి నప్పగించి స్వభావభేదములను గూర్చి ఉపన్యసించు పెద్దలు, ముందు ఆ క్రిక్కిరింతను తగ్గింతురు గాక!