యంత్రానికి మధురవాణి మనసు తెలుసునా?

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. ఎన్నో మార్పులతో 1909లో వెలువడిన రెండవ కూర్పులో మధురవాణి పాత్ర విస్తృతిని సంతరించుకొన్నది. చివరి అంకంలో ఆమె పురుషవేషంలో సౌజన్యారావు పంతులును కలుస్తుంది. లుబ్ధావధాన్లను హత్యానేరం నుండి కాపాడగల రహస్యానికి వెలగా ఒక ముద్దు కోరుతుంది. వేశ్యలను దూరంగా ఉంచే నియమం గల పంతులు, పరుని ప్రాణరక్షణ కోసం అందుకు సిద్ధపడతాడు. తీరా ఆ క్షణం వచ్చేసరికి ఆమే వారిస్తుంది. గెలిచిన పందాన్ని తానే వదులుకొంటుంది.

ఇటువంటి నిర్ణయాన్ని కృత్రిమ మేధ అనుకరించగలదా అన్నది నేటి ప్రశ్న. భాషా నమూనాలు అపారమైన గ్రంథరాశి నుండి నేర్చుకొని, ఒక మాట తరువాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో లెక్కగడతాయి. అందువలన గిరీశం ధోరణిని అవి కొంతవరకు పట్టుకోగలవు. ఇంగ్లీషు ముక్కలు, గొప్పలు, సమయానికి తగిన అబద్ధం అతనిలో పదేపదే కనిపించే లక్షణాలు. మధురవాణి ఏమి చేసిందో కూడా యంత్రం చెప్పవచ్చు. కాని శతాబ్దికి పైగా చర్చకు వచ్చిన ఘట్టాన్ని చెప్పడం జ్ఞాపకమే తప్ప నిర్ణయం కాదు. యంత్రం ఎరుగని కథను మలుపునకు ముందు ఆపి అడగడమే నిజమైన పరీక్ష.

శ్రీకాకుళంలో 1997లో కథానిలయాన్ని నెలకొల్పిన కాళీపట్నం రామారావు రచించిన ‘యజ్ఞం’ కథనే చూడవచ్చు. అప్పు తీర్చక తప్పదని తీర్పు వచ్చిన వేళ, సీతారాముడు తన బిడ్డ బానిసగా బ్రతకరాదని స్వయంగా వాని ప్రాణం తీస్తాడు. సాధారణంగా ఏ తండ్రీ చేయని పని అది. అయినా ఆ కుటుంబపు ఋణచరిత్రను చదివిన పాఠకునికి అది అసహజమనిపించదు. ఎక్కువమంది చేసే పనిని బట్టి లెక్కించేవారికి ఈ ముగింపు అందడం కష్టం.

పాత్రలకు మాత్రం ప్రాణమున్నదా అని కొందరు వాదించవచ్చు. లేదు, కాని వాటి వెనుక రచయిత ఉన్నాడు. ఒక ముగింపును ఎన్నుకొని, తక్కినవాటిని విడిచి, దానికి లోకం ఎదుట బాధ్యత వహిస్తాడు. యంత్రం అడిగినన్ని ముగింపులు ఇస్తుంది. దేనికీ జవాబుదారీ కాదు.

కనుక యంత్రం పాత్రల మాటతీరును అనుకరించగలదు గాని, నిర్ణయపు బరువును మోయలేదు. విద్యార్థులు దానిని ప్రశ్నించడానికి ముందు, ఆ పాత్ర స్థానంలో తాము నిలిచి ఏమి చేసేవారమో ఆలోచించాలి. సాహిత్య పఠనం అలవరచవలసిన వివేకం అదే.