గాలిలో గంట.. పనికి రెండు రోజులు
ఓర్వకల్లు: కర్నూలు నుంచి రాజధానికి విమానం కావాలన్నది జిల్లా వాసుల చిరకాల కోరిక. 2025 జూలై 2న ఓర్వకల్లు, గన్నవరం విమానాశ్రయాల నడుమ వారానికి మూడు రోజుల సర్వీసు మొదలవడంతో ఆ కోరిక తీరినట్లే కనిపించింది. అయితే దూరాన్ని, కాలాన్ని లెక్కగట్టి చూస్తే సామాన్యుడికి దక్కింది కొంతే.

ఈ రెండు విమానాశ్రయాల మధ్య గగనమార్గం సుమారు 300 కిలోమీటర్లు. నంద్యాల, గిద్దలూరు మీదుగా నల్లమల ఘాట్లు దాటి వెళ్లే రోడ్డు మార్గం 350 కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. గంటకు 500 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగల ఏటీఆర్ విమానానికి ఈ దూరం నలభై నిమిషాల పని. రన్‌వే దాకా నడక, పైకి లేవడం, దిగేముందు వేగం తగ్గించుకోవడం కలిసి అది గంటకు పైగా అవుతుంది. దూరం తగ్గినకొద్దీ ఈ అదనపు సమయం వాటా పెరుగుతుంది. పొట్టి మార్గాల్లో విమానం తన వేగాన్ని పూర్తిగా చూపలేకపోవడానికి కారణమిదే.

నేల మీది లెక్క వేరు. కర్నూలు నుంచి ఓర్వకల్లుకు అరగంట, గంట ముందు చేరాలన్న నిబంధన, గన్నవరంలో దిగాక వెలగపూడి సచివాలయానికి మరో గంట. మొత్తం నాలుగు గంటలు. కారులోనైతే ఆరేడు గంటలు పడుతుంది కాబట్టి లాభం ఉన్నమాట నిజమే. ఆదోని వాసికి మాత్రం విమానం ఎక్కడానికి ముందే రెండు గంటలకు పైగా రోడ్డు మీద గడిచిపోతాయి. నంద్యాల వాసి పరిస్థితి మరీ విచిత్రం. తూర్పున ఉన్న విజయవాడకు వెళ్లేందుకు ఆయన పడమరగా 50 కిలోమీటర్లు వెనక్కి రావాలి. గుంటూరు రైలేమో ఆయన ఊరి మీదుగానే పోతుంది.

అసలు చిక్కు వేళలతో వచ్చింది. ప్రారంభంలో ప్రకటించిన ప్రకారం సోమ, బుధ, శుక్రవారాల్లో విమానం మధ్యాహ్నం గన్నవరంలో బయలుదేరి, సాయంత్రం ఐదు దాటాక ఓర్వకల్లు నుంచి తిరుగుముఖం పడుతుంది. సోమవారం ఎక్కినవాడు దిగేసరికి కార్యాలయాలు మూతపడతాయి. మంగళవారం పని చూసుకున్నా తిరుగు విమానం బుధవారం మధ్యాహ్నమే. అదే సోమవారం రాత్రి బస్సెక్కినవాడు మంగళవారం పని ముగించుకుని బుధవారం తెల్లవారేసరికి ఇల్లు చేరతాడు. అంటే ఇంటికి ముందుగా వచ్చేది బస్సు ప్రయాణికుడే! పైగా అతనికి లాడ్జి ఖర్చు ఉండదు. ఇక శుక్రవారం వెళితే శని, ఆదివారాలు సచివాలయానికి సెలవు.

ఇలాంటి మార్గాలు నిలదొక్కుకోవడం కూడా తేలిక కాదు. ఉడాన్ పథకంపై కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో కేటాయించిన 774 మార్గాల్లో విమానం ఎగిరింది 371 చోట్లే. మూడేళ్ల రాయితీ కాలం పూర్తి చేసుకున్నవి 112 కాగా, ఆ తర్వాతా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54 మాత్రమే. సీట్లు నిండకపోతే సంస్థలు తప్పుకుంటాయి. పనికిరాని వేళల్లో నడిపితే సీట్లు నిండవు. తర్వాత జనం ఎక్కడం లేదన్న నెపం మళ్లీ జిల్లా మీదికే వస్తుంది.

ఉదయం ఎనిమిదిలోపు ఓర్వకల్లులో ఎక్కి, సాయంత్రం గన్నవరంలో తిరిగి ఎక్కే వీలుంటే రాజధాని పని ఒక్కరోజులో ముగుస్తుంది. జిల్లా నుంచి వెళ్లే వినతిపత్రాల్లో మొదట ఉండవలసింది కొత్త నగరాల పేర్లు కాదు, ఈ వేళల మార్పే.