1.5 అంటే ఎకరం అయిదు సెంట్లా, ఎకరంన్నరా?

అమలాపురం చుట్టుపక్కల ఎవరినైనా "మీ చేను ఎంతండీ?" అని అడగండి. "ఎకరం అయిదు సెంట్లండి" అంటారు. వినడానికి ఏ గొడవా లేదు. దాన్ని షీట్‌లోకి ఎక్కించేటప్పుడే అసలు తంటా. తొందరలో 1.5 అని కొట్టేస్తాం. చెప్పినవాళ్ల లెక్కలో అది ఎకరం అయిదు సెంట్లు. ఎక్సెల్‌కి మాత్రం అది ఒకటిన్నర, అంటే ఎకరం యాభై సెంట్లు. తేడా 45 సెంట్లు. సెంటు లక్ష రూపాయలు అనుకుంటే 45 లక్షలు! అన్నదమ్ముల పంపకాల్లో మాటా మాటా పెరగడానికి అందులో పదోవంతు చాలు.

సరే, 1.05, 1.50 అని జాగ్రత్తగా కొడదాం అంటారా? 1.50లో చివరి సున్నాని ఎక్సెల్ మింగేసి 1.5 అనే చూపిస్తుంది. చూసేవాళ్లకి మళ్లీ అదే అనుమానం. దస్తావేజుల్లో రాసినట్టు 1-25 అని గీత పెడితే ఇంకా తమాషా. షీట్ దాన్ని జనవరి తేదీ అనుకుంటుంది.

తెలంగాణలో పొలం ఉన్నవాళ్లకి ఇంకో మెలిక. అక్కడ ఎకరానికి 40 గుంటలు. 2.20 అని రాస్తే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. 2.20కి 1.30 కలపమంటే షీట్ 3.50 అంటుంది. అసలు జవాబు 4 ఎకరాల 10 గుంటలు. మనకి పనికొచ్చే చుక్క, షీట్‌కి తెలిసిన చుక్క ఒకటి కాదు.

మందు చాలా సింపుల్. ఒక సెల్‌లో ఒకే కొలత పెట్టండి. మొదటి కాలమ్‌లో ఎకరాలు, రెండో కాలమ్‌లో సెంట్లు. మూడో కాలమ్‌లో ఎకరాలను 100తో గుణించి, సెంట్లు కలపండి. ఇక కూడికలన్నీ ఆ మొత్తం సెంట్ల మీదే. గజాలు కావాలంటే 48.4తో, చదరపు అడుగులు కావాలంటే 435.6తో గుణించండి. గుంటలైతే 100 బదులు 40. ఒక గుంట అంటే 121 గజాలు, మన లెక్కలో రెండున్నర సెంట్లు.

ఈ 48.4ని ప్రతి ఫార్ములాలోనూ కొట్టకండి. పైన ఒక సెల్‌లో పెట్టి, డాలర్ గుర్తుతో లాక్ చేసి వాడుకోండి. మొదటి వరసలో ఎకరం, సున్నా సెంట్లు వేసి చూడండి. 4840 గజాలు రాకపోతే కింద ఉన్నదేదీ నమ్మొద్దు.

ఎక్సెల్‌లోనూ, గూగుల్ షీట్స్‌లోనూ కన్వర్ట్ అనే ఫంక్షన్ ఉంది కదా అంటారా? దానికి ఎకరం, హెక్టారు తెలుసు. సెంటూ గుంటా తెలియవు. అందులో ఎకరాలు కూడా రెండు, యూకే పేరుతో ఒకటి, యూఎస్ పేరుతో ఒకటి. మన 4840 గజాల ఎకరానికి యూకేది తీసుకోండి. హెక్టారు అంటే సుమారు 247.1 సెంట్లు.

ఇప్పుడు ధాన్యం. కేంద్రం మద్దతు ధర క్వింటాల్‌కి చెబుతుంది. గోదావరి జిల్లాల్లో మాట్లాడుకునేది 75 కిలోల బస్తా లెక్క. 2025-26కి సాధారణ రకం ధర క్వింటాల్‌కి 2,369 రూపాయలు. 0.75తో గుణిస్తే బస్తాకి 1,776.75. అయితే బస్తా అనేది కొలత కాదు, సంచి! అందులో ఎన్ని కిలోలో వేరే సెల్‌లో రాసి పెట్టుకోండి. 

కొబ్బరి దగ్గరికొచ్చేసరికి ఈ పద్ధతి ఆగిపోద్ది. అంబాజీపేటలో కాయల ధర వెయ్యికి చెబుతారు, ఎండు కొబ్బరి ధర క్వింటాల్‌కి చెబుతారు. వెయ్యి కాయలకి ఎన్ని కిలోల ఎండు కొబ్బరి? దానికి స్థిరమైన అంకె ఏదీ లేదు. కాయ సైజు, ముదురు, ఎండిన తీరుని బట్టి మారిపోతుంది. నెట్‌లో దొరికిన అంకె తెచ్చి పెడితే కాయలు అమ్మాలా, ఎండబెట్టాలా అనే నిర్ణయమే తప్పుతుంది. మీ తోటలో కాయలు కొన్ని లెక్కపెట్టి, ఎండబెట్టి, తూకం వేసి, ఆ అంకె పక్కన తేదీ రాయండి. అది కొలతల మార్పిడి కాదు, దిగుబడి. ప్రతి దింపుకీ మారొచ్చు.

ఇదంతా పల్లెటూరి గొడవ అనుకోకండి. 1999లో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దాకా వెళ్లి పోయింది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్లలో ఇచ్చిన లెక్కని ఇంకోటి న్యూటన్లు అనుకుని వాడుకుంది. కూడికల్లో తప్పు లేదు, కొలత పేరు దగ్గరే తేడా.

కాబట్టి ఫ్యామిలీ గ్రూప్‌లో షీట్ పెట్టే ముందు ఒక్క పని చేయండి. ప్రతి కాలమ్ పైనా కొలత పేరు తెలుగులో రాయండి. ఎకరాలు, సెంట్లు, గజాలు, కిలోలు. నాన్నగారో పెదనాన్నగారో ఫోన్‌లో చూసి, "ఇదేంటమ్మా, మనది ఇంత లేదే!" అని పట్టుకోగలగాలి. చేను గట్లు తెలిసినవాళ్లు చదవగలిగేలా ఉంటేనే ఆ షీట్ పంపకాలకి పనికొస్తుంది.