ఎలా తెలిసిందో చెప్పని చరిత్ర పిల్లలకెందుకు?

టెక్సాస్ రాష్ట్రంలో పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పదలచిన తల్లిదండ్రులు తప్పనిసరిగా బోధించవలసిన విషయాలు ఐదు: చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, గణితం, పౌరధర్మం. చరిత్ర ఆ పట్టికలో లేదు. న్యూయార్క్‌లో నిబంధనలు ఎక్కువ. అక్కడ ఏటా బోధనా ప్రణాళిక రాసి ఇవ్వాలి, ఏడాదికి నాలుగు నివేదికలు పంపాలి. అయినా చరిత్రకు ఏ పుస్తకం వాడాలన్న నిర్ణయం అక్కడ కూడా తల్లిదండ్రులదే. ఇంతటి స్వేచ్ఛ మన ఊళ్లలో ఏ బడిపంతులుకూ లేదు.

ఈ స్వేచ్ఛను అమెరికాలోని మన తెలుగు కుటుంబాలు వినియోగించుకుంటున్న తీరు మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. గణితం పుస్తకం ఎంచుకోవడానికి నెల రోజులు పరిశోధన చేసే తండ్రి, చరిత్ర దగ్గరకు వచ్చేసరికి రెండు ప్రశ్నలతో సరిపెట్టుకుంటాడు. ఇందులో మనవాళ్ల ప్రస్తావన ఉందా? ఉంటే గౌరవంగా ఉందా? ఈ రెండింటికీ అవునని సమాధానం వస్తే పుస్తకం కొనేస్తాడు. అసలు అడగవలసిన ప్రశ్న ఈ రెండింటిలోనూ లేదు. ఇందులో రాసిన సంగతి మనకు ఎలా తెలిసిందో ఈ పుస్తకం పిల్లలకు చెబుతుందా? పసిపిల్లల చరిత్ర పుస్తకానికి అంతకుమించిన పరీక్ష మరొకటి లేదన్నది నా వాదన.

బడికి వెళ్లే పిల్లకు ఒక పుస్తకం తప్పు చెప్పినా దిద్దుకునే దారులు కొన్ని ఉంటాయి. మరుసటి ఏడాది మరో టీచరు వస్తుంది. పక్క బల్ల మీద వేరే దేశం నుంచి వచ్చిన పిల్ల కూర్చుంటుంది. ఇంట్లో చదువుకునే పిల్లకు పుస్తకం ఎంచేదీ, చదివి వినిపించేదీ, పరీక్ష పెట్టేదీ, అన్నం పెట్టేదీ అమ్మే. ఆ పిల్ల ఎవరితో వాదించాలి? కాబట్టి ఆ ఇంట్లో అడుగుపెట్టే చరిత్ర పుస్తకం తన మాటను తానే ప్రశ్నించుకోగలిగి ఉండాలి. ఈ మందు పనిచేస్తుందని ఎలా తెలుసని అడిగితే జవాబు చెప్పలేని వైద్యుణ్ణి మనం నమ్మం. పిల్లల మనసులో నలభై ఏళ్లు నిలిచిపోయే విషయాల దగ్గర మాత్రం ఆ ప్రశ్న అడగడమే మానేస్తాం.

హోమ్‌స్కూలింగ్ చేసే ఇళ్లలో విరివిగా కనిపించే పుస్తకం సూజన్ వైజ్ బావర్ రాసిన ‘ద స్టోరీ ఆఫ్ ద వరల్డ్’. నాలుగు సంపుటాలు. రచయిత్రికి కథ చెప్పే నేర్పు పుష్కలంగా ఉంది. రాత్రి పడుకునే ముందు చదివితే పిల్లలు మరో అధ్యాయం చదవమని పేచీ పెడతారు. మొదటి సంపుటం, గతంలో ఏం జరిగిందో మనకెలా తెలుస్తుందన్న ప్రశ్నతోనే మొదలవుతుంది. చరిత్రకారుడి పని ఏమిటో, పురావస్తు శాస్త్రజ్ఞుడి పని ఏమిటో చక్కగా చెబుతుంది. అంతవరకు ఆమెకు నమస్కారం.

ఆ తరువాత పుస్తకం తన ప్రశ్నను తానే మరచిపోతుంది. సుమేరు పాలకుడు సార్గాన్ అధ్యాయం అయిన వెంటనే అబ్రహాముతో దేవుడు మాట్లాడిన అధ్యాయం వస్తుంది. దాని వెనుక హమ్మురాబి వస్తాడు. హమ్మురాబి చట్టాలు చెక్కిన రాయి నేటికీ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అబ్రహాము గురించి మతగ్రంథం తప్ప ఆనాటి సాక్ష్యం ఏదీ లేదు. రెండూ ఒకే గొంతుతో, ఒకే వరుసలో చెబితే ఏడేళ్ల పిల్ల వాటిని వేరుచేసుకునేది ఎలా? ఇక నాలుగు సంపుటాల ఉపశీర్షికలు చూడండి. మొదటిది చివరి రోమన్ చక్రవర్తితో ముగుస్తుంది. రెండవది రోము పతనంతో, మూడవది ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్‌తో, నాలుగవది విక్టోరియా సామ్రాజ్యంతో మొదలవుతాయి. లోపల భారతదేశం ఉంది, చైనా ఉంది, ఆఫ్రికా ఉంది. కానీ కాలాన్ని కొలిచే కర్ర మాత్రం రోములో నాటి లండనుకు మార్చినదే.

ఈ విమర్శ వినగానే మనవాళ్లు చాలామంది తల ఊపుతారు. అక్కడ ఆగితే బాగుండును. అబ్రహామును చరిత్ర వరుసలో కూర్చోబెట్టారని నొచ్చుకున్న ఇంట్లోనే, రాముడి జన్మదినాన్ని గ్రహస్థితులతో లెక్కగట్టి తేల్చిన పుస్తకం పిల్లల చేతికి చరిత్రగా అందుతోంది. ఇది ఏ న్యాయం? రామాయణం మహాకావ్యం, పిల్లలకు దాన్ని ప్రేమతో వినిపించాలి, పద్యాలు నోటికి రావాలి. అయితే కావ్యానికి ఒక అర, శాసనానికి మరో అర ఉండాలి. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన ‘అమర్ చిత్ర కథ’తో నాకున్న పేచీ కూడా ఇదే. బొమ్మలు కనువిందు చేస్తాయి, కథలు చకచకా నడుస్తాయి. కానీ కృష్ణుడూ అశోకుడూ ఒకే రకం అట్టతో, ఒకే రకం బొమ్మలతో పక్కపక్కనే నిలబడతారు. ఎవరి గురించి ఏ ఆధారంతో మాట్లాడుతున్నామన్న తేడా పిల్లలకు చెప్పేవారు లేరు.

మన గొప్పలు చెప్పే పుస్తకాలు మన గొప్పను కూడా సరిగా చెప్పవు. నా వృత్తికి దగ్గరి ఉదాహరణ ఒకటి చూపిస్తాను. తెగిన ముక్కును తిరిగి నిర్మించే పద్ధతిని సుశ్రుత సంహిత వర్ణించింది. అందులో చెప్పినది చెంప చర్మం వాడే పద్ధతి. 1794లో లండన్ పత్రిక ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’లో, పుణె ప్రాంతంలో నుదుటి చర్మంతో చేసిన అలాంటి శస్త్రచికిత్స గురించి ఒక లేఖ అచ్చయింది. ఆ పద్ధతి మీద ఆసక్తి పెంచుకున్న జోసెఫ్ కార్ప్యూ 1814లో లండన్‌లో దాన్ని విజయవంతంగా చేశాడు. చెంప నుంచి నుదుటికి ఎలా మారింది? మధ్య వందల ఏళ్లు ఈ విద్యను చేతుల్లో నిలిపిన వారెవరు? ఏ పిల్లకైనా ఆసక్తి పుట్టించే ప్రశ్నలివి. మన పుస్తకాలు ఈ ప్రశ్నలన్నీ వదిలేసి, వినాయకుడికి ఏనుగు తల అతికించడమే తొలి శస్త్రచికిత్స అని చెబుతాయి. నిజమైన కీర్తిని గిరవాటు పెట్టి గిల్టు నగ కొనుక్కోవడమంటే ఇదే.

చిన్నపిల్లలకు ఆధారాలెందుకు, ముందు కథలు చెప్పి పెద్దయ్యాక ప్రశ్నలు నేర్పవచ్చు కదా అని అడిగేవారున్నారు. తొలి నాలుగు తరగతుల వరకు పిల్లలు విషయాన్ని గ్రహిస్తే చాలని చెప్పే బోధనా సంప్రదాయం ఒకటి ఇక్కడ బలంగా ఉంది. బావర్ కూడా ఆ సంప్రదాయానికి చెందినవారే. నేను ఒప్పుకోను. ‘నీకెలా తెలుసు?’ అని రోజంతా వేధించే వయసే అది. 1928లో నెహ్రూ తన పదేళ్ల కూతురికి రాసిన ముప్పై ఉత్తరాలు రాళ్లను, శిలాజాలను చదవడంతోనే మొదలవుతాయి. వాటిలో జాతుల గురించి, ఆర్యుల గురించి చెప్పిన మాటలు కొన్ని నేటికి పాతబడ్డాయి. చదివించేటప్పుడు ఆ సంగతి చెప్పాలి. అయినా గులకరాయి నునుపు వెనుక ఏటి ప్రయాణం ఉందని పదేళ్ల పిల్లకు చెప్పిన తండ్రి పద్ధతి పాతబడలేదు. ఎర్న్‌స్ట్ గోంబ్రిక్ 1935లో వియన్నాలో పిల్లల కోసం రాసిన ప్రపంచ చరిత్రదీ యూరప్ చూపే. కానీ యాభై ఏళ్ల తరువాత ఆయన దానికి ఒక చివరి అధ్యాయం చేర్చి, తాను అప్పట్లో నమ్మి రాసిన దానిలో ఏది సరికాదో పిల్లలకే చెప్పాడు. ఆ ఒక్క అధ్యాయం కోసమైనా ఆ పుస్తకం ఇంట్లో ఉండాలి.

ఇక మన రుద్రమదేవిని తీసుకోండి. ప్రవాసపు పిల్లలకు ఆమె గుర్రమెక్కి కత్తి దూసిన బొమ్మగానే తెలుసు. ఆ బొమ్మ పక్కన మూడు సాక్ష్యాలు పెట్టండి. ఒకటి, పదమూడో శతాబ్దం చివరినాటి మార్కో పోలో వృత్తాంతం: మోటుపల్లి రాజ్యాన్ని ఏలుతున్న వివేకవతి అయిన రాణి, చనిపోయిన రాజుకు భార్య అని అందులో ఉంది. రెండు, కాకతీయ శాసనాలు: ఆమె గణపతిదేవుని కుమార్తె అనీ, రుద్రదేవ మహారాజు అనే పురుషనామంతో ఏలిందనీ వాటివల్ల తెలుస్తుంది. మూడు, నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289లో వేసిన శాసనం: రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యలోకప్రాప్తి కోసం ఇచ్చిన భూదానం. వారు ఎలా మరణించారో ఆ రాయి చెప్పదు. అంబదేవునితో యుద్ధంలో అన్నది చరిత్రకారుల ఊహ.

ఎనిమిదేళ్ల పిల్ల ముందు ఈ మూడూ పెట్టి అడగండి. భార్యా, కూతురా? ఎవరి మాట నమ్ముతావు, ఎందుకు? దూరదేశపు బేహారి ఎందుకు పొరబడి ఉంటాడు? రాణి మగపేరు ఎందుకు పెట్టుకుంది? ఒక్క మధ్యాహ్నంలో ఆ పిల్ల చరిత్రకారుడి పని చేస్తుంది. రుద్రమ ఆమెకు తగ్గిపోదు. బొమ్మలోంచి దిగి మనిషి అవుతుంది.

చివరిగా, మన ఇళ్లలో అందరూ దాటవేసే సంగతి: కులం. 2005-06లో కాలిఫోర్నియా ఆరో తరగతి పాఠ్యపుస్తకాల మీద జరిగిన పోరులో కొన్ని ప్రవాస హిందూ సంస్థలు కోరిన మార్పులలో కులం గురించిన వాక్యాలూ ఉన్నాయి. భారతదేశమంటే కులం, ఆవు, పేదరికం అన్నట్టు రాసే పుస్తకాల మీద కోపం న్యాయమైనదే. ఆ కోపంతో కులాన్నే చెరిపేయడం న్యాయం కాదు. పసివాళ్లకు ఇవన్నీ ఎందుకంటారు. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో తెల్లవాళ్ల బడికి ఫెడరల్ మార్షల్స్ కాపలాతో నడిచివెళ్లిన ఆరేళ్ల రూబీ బ్రిడ్జెస్ కథను మన పిల్లలకు ఆరేళ్లకే చదివించి కళ్లు తుడుచుకుంటాం. బడిలో ప్యూను వచ్చి పైనుంచి నీళ్లు పోస్తే తప్ప దాహం తీరని బాలుడు అంబేడ్కర్ కథ, 1927లో మహాడ్ చెరువు నీళ్లు తాగడానికి ఆయన నడిపిన జనం కథ మాత్రం వాళ్లకు బరువట! పక్కింటివాడి పాపం పిల్లలకు పాఠం, మన పాపం పెద్దల రహస్యం. గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు గీసిన ‘భీమాయన’ ఈ కథను నీళ్ల దగ్గరే మొదలుపెడుతుంది. పెద్దవాళ్లు పక్కన కూర్చుని చదివించండి. దాహం ఏ వయసు పిల్లకైనా అర్థమవుతుంది.

కాబట్టి ఒక్క పుస్తకం మీద ఆధారపడకండి. బావర్ పుస్తకం ఉంచుకోండి, పక్కన ప్రపంచపటం, కాలరేఖ పెట్టుకుని, ప్రతి అధ్యాయం చివర ‘ఇది ఎలా తెలిసింది?’ అని అడగండి. భారతదేశం కోసం తూలిక ప్రచురించిన దేవికా కారియప్ప పుస్తకం ‘ఇండియా త్రూ ఆర్కియాలజీ’ తెప్పించండి. తవ్వకాల నుంచి చరిత్ర ఎలా పుడుతుందో అది చూపిస్తుంది. దివిసీమ వైపు చుట్టాలుంటే 1977 నవంబరు ఉప్పెన గురించి అమ్మమ్మనూ తాతయ్యనూ వేరువేరుగా ఫోనులో అడగమనండి. రెండు కథలూ సరిగ్గా కలవవు. ఎక్కడ కలవలేదో పిల్లలనే రాయమనండి.

మన పిల్లలు రేపు ఈ దేశంలో రెండు రకాల మనుషుల మధ్య బతకాలి: మీకు చరిత్రే లేదనేవారు, చరిత్రంతా మనదేననేవారు. ఇద్దరికీ జవాబు చెప్పడానికి వాళ్లకు కావలసినది ఒకే ప్రశ్న. ఆ ప్రశ్న నేర్పని పుస్తకం ఎంత అందంగా ఉన్నా, ఎంత మనదైనా, దాన్ని కొనకండి.